గరుకు పత్రిక పాఠకురాలు

ఉదయభాస్కర్‌ది అనుమానం జబ్బు. దానికి మందు లేదని వాళ్ళావిడ రాగసుధ పెళ్ళయిన ఆర్నెల్లకే తేల్చేసింది. తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకునే మనిషి. జగ్గయ్యపేటలో కాపురం, నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం. పరీక్షలప్పుడు అతను గదిలోకి అడుగు పెట్టాడంటే పిల్లలకి చెమటలు పడతాయి. చొక్కా చేతి మడతలో దాచిన స్లిప్పు, అట్ట వెనక పెన్సిలుతో రాసుకున్న ఫార్ములా, ఏదైనా సరే వాసన పట్టేస్తాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కణ్ణి కూడా పొరపాటున పట్టుకోలేదని పేరు. ఆ పేరంటే లోలోపల గర్వం కూడా.

అలాంటి మనిషికి పంక్ సంగీతం పిచ్చి అంటే ఎవరు నమ్ముతారు? అందుకే అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ పిచ్చి విజయవాడ హాస్టల్లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు పట్టుకుంది. పక్క గదివాడు హైదరాబాదు నుంచి తెచ్చిన ఒక సీడీలో కథ లేదు, హీరో లేడు. చిరిగిన బట్టల కుర్రాళ్ళు నాలుగు చక్రాల పలక ఎక్కి మెట్ల మీంచీ రెయిలింగుల మీంచీ దూకుతున్నారు. పడుతున్నారు. లేచి మళ్ళీ దూకుతున్నారు. వెనకాల ఎవడో గొంతు చించుకుని అరుస్తున్నాడు. గిటారు మీద మూడంటే మూడు కార్డులు, రెండు నిమిషాలు, పాట అయిపోయింది. వాటిని స్కేట్‌బోర్డు సినిమాలనీ, ఆ అరుపుల పాటల్ని పంక్ అనీ అంటారని తర్వాత తెలిసింది. అవి తీసినవాళ్ళు పడ్డ దృశ్యాలను కత్తిరించి పారెయ్యలేదు. అదే ఉదయభాస్కర్‌ని పట్టి కుదిపేసింది. వాళ్ళ నాన్న అనంతరామయ్య హెడ్మాస్టరు. కొడుక్కి తొంభై ఎనిమిది మార్కులొస్తే మిగతా రెండూ ఏమయ్యాయని బెత్తం తీసేవాడు. ఆ ఇంట్లో పెరిగినవాడు, పడ్డవాణ్ణి ఎవరూ తిట్టని చోటు ఒకటుందని మొదటిసారి చూశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏమైందిరా అని పక్క గదివాడు అడిగితే కంట్లో నలుసు పడిందన్నాడు.

అప్పటి నుంచి ఇరవయ్యేళ్ళుగా అదే లోకం. ఏ సినిమాలో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో, ఏ బ్యాండులో డ్రమ్ములవాడు ఎప్పుడు మారాడో అంతా కంఠతా. పేట నుంచి నందిగామ బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, పక్కసీటువాళ్ళు పాపం ఏ ప్రవచనమో వింటున్నాడనుకునేవారు.

పంక్ అభిమానులు తమ పత్రికలు తామే చేత్తో రాసుకుని, జిరాక్సు తీసి పంచేవారని ఎక్కడో చదివాక అతనూ ఒకటి మొదలుపెట్టాడు. పేరు 'గరుకు'. ఎనిమిది పేజీలు, మూలన ఒక పిన్ను, రెండు నెలలకోసారి ఇరవై కాపీలు. రాసిందెవరో ఉండదు. పేరు వేసుకుంటే అది పంక్ కాదని రాగసుధకి సిద్ధాంతం చెప్పాడు గానీ, కాలేజీలో తెలిస్తే పరువు పోతుందన్నది అసలు సంగతి. పిల్లలు దస్తూరీ గుర్తుపడతారేమోనని పత్రిక మొత్తం ఎడంచేత్తో రాసేవాడు. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చేవి. పంక్‌కి అదే అందమని సరిపెట్టుకున్నాడు. పేటలో అందరూ ఎరిగినవాళ్ళే గనక, నందిగామ బస్టాండు ఎదుటి సందులో జీవరత్నం జిరాక్సు షాపులో కాపీలు తీయించి, కావలసినవాళ్ళు పట్టుకుపోతారని ఆ కౌంటరు మీదే పెట్టేవాడు.

ఇరవై కాపీలూ వారంలో ఖాళీ అయ్యేవి. చాలాకాలం మురిసిపోయాడు. ఆఖరి పేజీ వెనక తెల్లగా ఉంటుంది గనక చిత్తు లెక్కలకి పనికొస్తుందని పిల్లలు పట్టుకెళుతున్నారని తర్వాత జీవరత్నం చెప్పాడు. మసిబారి పాడైన కాపీలన్నీ కట్టగట్టి మిరపకాయ బజ్జీల బండికి వేస్తున్నానని కూడా చెప్పాడు. ఆ రోజు బస్సులో ఉదయభాస్కర్ పాటలు పెట్టుకోలేదు.

పత్రిక మొదలుపెట్టిన మూడో ఏడు, సంక్రాంతి సెలవులయ్యాక, జీవరత్నం కౌంటరు కింద నుంచి మడిచిన కాయితం ఒకటి తీసి ఇచ్చాడు.

"సార్, మీ పుస్తకానికి ఉత్తరం వచ్చిందండి."

విప్పి చూశాడు. గుండ్రటి దస్తూరీ.

'బ్రో, మూడో పేజీలో వాడు పదకొండు మెట్ల మీంచి దూకాడని రాసావ్. పదకొండు కాదు, తొమ్మిది. వీడియో ఆపి లెక్కపెట్టా. కానీ వాడు పడి లేచే చోటు గురించి రాసింది చదివి ఏడ్చేసా. ఇలాంటివి ఇంకా రాసావా? – య.'

ఇంటికెళ్ళి వీడియో పెట్టి, ఆపి, మెట్లు లెక్కపెట్టాడు. తొమ్మిదే. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఇరవయ్యేళ్ళుగా తను ఒక్కడే కూర్చుని చూస్తున్నదాన్ని, ఈ చుట్టుపక్కలే ఇంకెవరో కూర్చుని, ఆపి, మెట్లు లెక్కపెడుతున్నారు. ఆ సంతోషం ఎలా పట్టాలో తెలియక గదిలో అటూ ఇటూ తిరిగాడు. అది నిజమైతే ఇక తను ఒంటరి కాడు. నిజం కాకపోతే తనంత వెర్రివాడు ఉండడు. ఈ రెండో ఆలోచన రావడమే తడవు, జబ్బు తిరగబెట్టింది.

క్రాంతికుమార్ పనేమో! స్టాఫ్ రూములో లెక్కల లెక్చరర్ క్రాంతికుమార్‌కి ఒకళ్ళని ఆటపట్టించకపోతే అన్నం అరగదు. ఎవరివో అక్షరాలతో రాయించి ఉంటాడు. రేపు అందరి ముందూ చదివి నవ్వుతాడు.

మర్నాడు ఎడంచేత్తో జవాబు రాశాడు. 'నీదే ఊరు? ఈ పత్రిక నీకెక్కడ దొరికింది?' దాన్ని జీవరత్నం చేతిలో పెట్టాడు.

వారానికి జవాబు వచ్చింది.

'నమస్తే అండి. బజ్జీల పొట్లం విప్పితే మీ కాయితం కనపడిందండి. నూనె మరకల్లోనే మొత్తం చదివా. బండాయన్ని అడిగితే ఈ షాపు చెప్పాడు. మాది వత్సవాయి, నందిగామలో ఇంజనీరింగ్ చదువుతున్నా. మా తాత మిరపకాయలు ఆరబోసుకోడానికి సిమెంటు కల్లం పోయించాడండి. కాలు జారకుండా గీతలు కొడతానని మేస్త్రి అంటే, గీతలుంటే బోర్డు చక్రాలు సాగవని నేను ఏడ్చి మాన్పించా. ఆడపిల్లకి ఇవేం ఆటలని ఊళ్ళో అన్నా, పంట లేనప్పుడు అక్కడే బోర్డు మీద తిరుగుతా, ఫోన్లో వీడియోలు తీసుకుంటా.'

ఉదయభాస్కర్ ఆ ఉత్తరాన్ని జవాబుపత్రం దిద్దినట్టు దిద్దాడు. మొదటిదాంట్లో 'బ్రో', రెండోదాంట్లో 'అండి'. ఒక వారంలో మనిషి ఇంత మారుతుందా? ఇద్దరు రాస్తున్నారన్నమాట. పైగా ఊరు వత్సవాయి. పత్తి చేలకీ ట్రాక్టర్లకీ మధ్య స్కేట్‌బోర్డు! అదీ ఒక ఆడపిల్ల! గీతలు కొట్టని కల్లం! కథ అల్లినవాడు మరీ తెలివి ఎక్కువైపోయి అల్లాడు.

"ఒక ఆడపిల్ల మీకు ఉత్తరాలు రాస్తోందంటే అనుమానపడాల్సింది నేను కదండీ," అంది రాగసుధ పప్పులోకి తాళింపు వేస్తూ. "ఆ పనీ మీరే చేసేస్తే నాకింక ఏం మిగిలింది?"

అతనికి నవ్వు రాలేదు. ఆ పూటే కూర్చుని అయిదు ప్రశ్నలతో పేపరు తయారుచేశాడు. ఏ సినిమాలో ఏ పాట, ఆ పాట ముందు ఎవరిది, తర్వాత ఎవరు మళ్ళీ పాడారు, అలా. పంక్ మొత్తం ఇలాంటి పరీక్షల మీద ఎదురుతిరిగినవాళ్ళదేనని అతనికి తెలియకపోలేదు. తెలిసే రాశాడు.

అయిదింటికీ సరైన జవాబులొచ్చాయి, వరసగా, కొట్టివేతలు లేకుండా, ప్రతి జవాబు చివరా 'అండి'తో. ఎవరికైనా ఆనందం కలగాలి. ఉదయభాస్కర్‌కి నూటికి నూరు వచ్చిన పేపరు చూస్తే కలిగేది కలిగింది. ఫోనులో వెతికి రాసి ఉంటుంది. ఇవాళ రేపు ఏ ప్రశ్నకైనా జవాబు ఫోనే చెబుతోంది కదా. వెతికినా దొరకనిది అడగాలి.

ఆ ఆలోచన బస్సులో వచ్చింది. కిటికీలోంచి పోస్టాఫీసు కనిపిస్తోంది. అక్కడికక్కడే ఒక బ్యాండును పుట్టించాడు. 'లెఫ్ట్ హ్యాండ్ పోస్టాఫీస్.' లోకంలో అలాంటి బ్యాండు లేదు. దానికి రెండు ఆల్బములు కూడా కట్టబెట్టి, చీటీ రాశాడు. 'వాళ్ళ రెండో ఆల్బం మీద నీ అభిప్రాయం ఏమిటి?'

నాలుగు రోజులు జవాబు లేదు. అయిదో రోజు వచ్చింది.

'చాలా బాగుందండి. ముఖ్యంగా డ్రమ్స్.'

ఉదయభాస్కర్ షాపులోనే నిలబడి పకపకా నవ్వాడు. జీవరత్నం తెల్లబోయి చూశాడు. స్లిప్పు దొరికినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది అతనికి. కాసేపటికి ఆ నవ్వు ఎటుపోయిందో పోయి, లోపలెక్కడో ఒక బాధ మొదలైంది. ఆ బాధనే కోపం అనుకున్నాడు. ఆ వారమే 'గరుకు' కొత్త సంచిక తెచ్చాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 'దొరికిన దొంగ' అని పెట్టి, లేని బ్యాండును పొగిడే దొంగ అభిమానుల మీద నిప్పులు కక్కాడు. సాక్ష్యం కావాలి కదా అని ఆమె చీటీని ఉన్నదున్నట్టు పేజీ మధ్యలో అతికించి జిరాక్సు తీయించాడు. ఇరవై కాదు, నలభై కాపీలు.

తన దస్తూరీ ఎవరూ గుర్తుపట్టకూడదని మూడేళ్ళుగా ఎడంచేత్తో రాస్తున్న మనిషికి, ఆమె దస్తూరీ కూడా ఎవరైనా గుర్తుపడతారన్న ఆలోచన రాలేదు.

ఒక కాపీ ఎప్పటిలాగే ఇంటికి తెచ్చి టేబుల్ మీద పడేశాడు. ఎప్పుడూ ముట్టుకోని రాగసుధ ఆదివారం మధ్యాహ్నం దాన్ని తీసుకుని చదివింది. చదివి, అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీరు పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చిన రోజు మా అమ్మ ఉప్మాలో ఉప్పెయ్యడం మర్చిపోయింది. గుర్తుందా?"

"ఇప్పుడు అదెందుకు?"

"ఎలా ఉంది బాబూ అని అడిగితే మీరేమన్నారు?"

ఉదయభాస్కర్ పత్రిక అందుకుని మడత పెట్టాడు.

"చాలా బాగుందండి, ముఖ్యంగా జీడిపప్పు అన్నారు. అందులో జీడిపప్పే లేదు," అంది రాగసుధ. "మరి మీరు దొంగేనా?"

సోమవారం కాలేజీకి సెలవు పెట్టకుండానే ఒక పీరియడు వదిలేసి జీవరత్నం షాపుకి వెళ్ళాడు. కౌంటరు మీద ఒక్క కాపీ మిగల్లేదు.

"ఆ అమ్మాయి వచ్చిందా?"

"ఇంక రాదులెండి సార్," అన్నాడు జీవరత్నం. జిరాక్సు మిషను ఆపి ఇటు తిరిగాడు. అతని మొహంలో ఎప్పుడూ ఉండే మర్యాద కొంచెం తగ్గింది. "యశస్విని అండి ఆ పిల్ల పేరు. వాళ్ళ క్లాసులో సగం మంది ల్యాబు రికార్డులు ఆ పిల్లవి చూసి రాసినవే. ఆ అక్షరాలు ఇక్కడ జిరాక్సు తీయించని పిల్లల్లేరు. మీ కాయితం చూడగానే కనిపెట్టేసారు. బెంచీ మీదెక్కి చదివారంటండి. అందరూ డ్రమ్స్ డ్రమ్స్ అని బల్లలు కొట్టారంట."

ఉదయభాస్కర్ ఖాళీ కౌంటరు వైపు చూశాడు.

"మొదట్లో ఎవరో కుర్రాడనుకుని రాసింది సార్. నేనే చెప్పా. పెద్దాయనమ్మా, లెక్చరర్ గారు, కాస్త గౌరవంగా రాయి అని." జీవరత్నం గొంతు తగ్గించాడు. "తప్పు చేసానేమోనండి."

మర్నాడు పొద్దున్నే పేటలో వత్సవాయి బస్సెక్కాడు. ఆ బస్సులో కూర్చుని కూడా అతని బుద్ధి ఊరుకోలేదు. అసలు కల్లం ఉందో లేదో. ఇదంతా జీవరత్నం చెప్పిన కథేమో. ఆ ఆలోచనకి తనకే అసహ్యం వేసింది. అయినా వచ్చింది.

యశస్విని తాత బసవయ్యగారి ఇల్లు ఊరి చివర. గేటు తీసుకుని లోపలికెళితే, అరుగు మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న పెద్దావిడ తలెత్తింది. యశస్విని నాయనమ్మ సీతారావమ్మ.

"ఎవరండీ మీరు?"

"యశస్విని ఉందాండి?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నలభై దాటిన ఒక మగమనిషి, పొద్దున్నే, ముఖం వేలాడేసుకుని వచ్చి ఆడపిల్ల పేరు చెప్పి అడుగుతున్నాడు. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. అలాంటి చూపు ఉదయభాస్కర్‌కి బాగా తెలుసు. పరీక్ష గదిలో తను చూసేది అదే. తన మీద పడటం మాత్రం మొదటిసారి.

"ఏమండీ, ఎవరో వచ్చారు చూడండి," అని లోపలికి కేకేసింది. బసవయ్య తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, మా పిల్ల మీకెలా తెలుసు, కాలేజీకి రావట్లేదని వచ్చారా అని వరసగా అడిగాడు. ఉదయభాస్కర్ అన్నిటికీ నిలబడే జవాబు చెప్పాడు. చెప్పినవేవీ వాళ్ళు పూర్తిగా నమ్మినట్టు లేదు. చివరికి బసవయ్య, "పెరట్లో ఉంది. రండి, నేనూ వస్తా," అని ముందు నడిచాడు.

కల్లం ఉంది. అద్దంలా నునుపుగా, ఒక్క గీత లేకుండా ఉంది. ఒక పక్క పట్టాలు చుట్టి ఉన్నాయి. ఇంకో పక్క ఒక అమ్మాయి చీపురుతో దుమ్ము ఊడుస్తోంది. చేను నుంచి మిరపకాయలు ఇవాళో రేపో వస్తాయి. కల్లం గట్టుకి ఆనించి ఒక బోర్డు ఉంది. అంచులు అరిగిపోయి, పలక పొరలు పైకి లేచి ఉన్నాయి. అంత అరగాలంటే ఎన్నిసార్లు పడి ఉండాలో ఉదయభాస్కర్‌కి తెలుసు. అతనికి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"యశస్వినీ, మేష్టారు వచ్చారు," అన్నాడు బసవయ్య. కాస్త దూరంలో గట్టు మీద కూర్చున్నాడు గానీ వెళ్ళలేదు.

"గరుకు రాసేది నేనేనమ్మా," అన్నాడు ఉదయభాస్కర్.

ఆమె చీపురు పక్కన పెట్టింది. మోచేతి మీద ఎండిన గాయం మచ్చలు. "నమస్తే అండి," అంది.

"నేను చేసింది చాలా తప్పు. క్షమాపణ చెప్పుకుందామని వచ్చా."

"పర్లేదండి."

ఎంతో మర్యాదగా అంది. అందులో కోపం లేదు, ఏమీ లేదు. చాలా బాగుందండి అని రాసిన చెయ్యీ, పర్లేదండి అన్న నోరూ ఒకటేనని అతనికి వెంటనే అర్థమైంది.

"ఆ ఆల్బం బాగుందని ఎందుకు రాసావమ్మా? తెలీదని రాయొచ్చు కదా."

"మూడ్రోజులు వెతికానండి, దొరకలా. నాకే వెతకడం చేతకాలేదేమో అనుకున్నా. మీరంతటివారు అడిగితే తెలీదని ఎట్లా రాస్తాం? మీరు నొచ్చుకుంటారని..."

"మరి డ్రమ్స్?"

"ఏదో ఒకటి చెప్పాలి గదండి."

"ఇప్పుడు పర్లేదన్నావే, అది కూడా అంతేనా?"

ఆమె తాత వైపు చూసింది. నేల వైపు చూసింది.

"నేను నొచ్చుకున్నా సరే," అన్నాడు ఉదయభాస్కర్. "నీ మనసులో ఉన్నది చెప్పు. నీకు దణ్ణం పెడతా."

ఆమె తలెత్తి సూటిగా చూసింది.

"నన్ను అన్ని అడిగారు కదా. నేనొక్కటి అడుగుతా. బోర్డు ఎక్కేటప్పుడు మీరు ఏ కాలు ముందు పెడతారు?"

ప్రశ్న చిన్నది. బోర్డు ఎక్కినవాడెవడైనా ఆలోచించకుండా చెప్పేది. ఎడమకాలు అనవచ్చు. ఎక్కువమంది ఎడమకాలే పెడతారు. కుడికాలు ముందు పెట్టేవాళ్ళకి ఏమని పేరో కూడా చెప్పి, ఎవరెవరు అలా నిలబడతారో పదిమంది పేర్లు ఏకరువు పెట్టవచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది. లేదా నమ్మినట్టు తలూపుతుంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదమ్మా," అన్నాడు. "నేనెప్పుడూ ఎక్కలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

"ఇరవయ్యేళ్ళ నుంచి చూస్తున్నానని రాసారు."

"చూడటమే."

యశస్విని ముఖం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మాట తడబడలేదు.

"మరి నాకు పరీక్ష ఎట్లా పెట్టారు? పడ్డవాణ్ణి ఎవరూ తిట్టని చోటు అని రాసారు మీరు. ఆ కాయితం నూనె తుడుచుకుని ఎండబెట్టుకుని దాచుకున్నా నేను. పడితే తిట్టింది మీరే. క్లాసు మొత్తంతో తిట్టించారు."

బసవయ్య గట్టు మీంచి లేచాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి చూపింది.

"ఇప్పుడు నిజం చెప్పారు, అది బాగుంది," అంది యశస్విని. "కానీ ఇంక నేను మీకు రాయను. మీ పత్రిక చదవను."

చివర అండి లేదు. ఆమె తిరిగి చీపురు తీసుకుని కల్లం ఊడవడం మొదలుపెట్టింది. ఉదయభాస్కర్ గేటు వైపు నడిచాడు. ఆమె తనకు రాసినవీ చెప్పినవీ అన్నిట్లో అతను ఒక్క క్షణం కూడా అనుమానించకుండా నమ్మింది ఈ మాటే.